కప్పను చూసి రాసుకోవడం – పాఠం 3: వీపు మీద సంచి

పోయిన పాఠంలో కళ్లు, వేళ్ల చివరలు, వేళ్ల మధ్య పొర చూసి నోట్స్ రాశాం కదా, ఈసారి వీపు ఒక్కటే చూద్దాం. దీనికి ఈక్వడార్‌లోని రియోబాంబా సంచి కప్పని తీసుకుంటున్నాను. శాస్త్రీయ నామం గాస్ట్రోథీకా రియోబాంబే. ఆండీస్ కొండల్లో రెండు మూడు వేల మీటర్ల ఎత్తులో, చలిలో, చెరువు గట్ల మీదా పొలాల పక్కనా బతుకుతుంది. ఆడకప్ప గుడ్లన్నీ వీపు చర్మం కిందున్న సంచిలోనే మోస్తుంది కాబట్టి వీపు చదవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కప్ప నాకు తెలియదు.

ముందు రంగు సంగతి వదిలేయండి. ఇదే జాతిలో ఒకటి పచ్చగా, ఇంకోటి గోధుమ రంగులో, మరోటి రెండూ కలిసి మచ్చలతో ఉంటాయి, అందుకని రంగు పట్టుకుని జాతి తేల్చేయాలని చూస్తే దారి తప్పుతాం. రంగు రాయండి, కానీ చివర్లో రాయండి.

ఇప్పుడు వీపు వెనక సగం చూడండి. చదునుగా ఉంటే అది మగది కావచ్చు, గుడ్లు లేని ఆడది కావచ్చు. తేల్చేది సంచి నోరు: నడుము కింద, వెనక కాళ్లు మొదలయ్యే చోటుకి కాస్త పైన చర్మంలో చిన్న చీలిక. మగదానికి అది ఉండదు. ఫొటో ముందు నుంచి తీసి ఉంటే "సంచి లేదు" అని రాయొద్దు, "ఆ భాగం ఫొటోలో పడలేదు" అని రాయండి. ఈ రెండిటికీ తేడా పాటించడమే ఈ పాఠంలో అసలు పని.

వీపు ఉబ్బి, శనగలు నింపిన గుడ్డసంచిలా చర్మం కింద గుండ్రంగా ఎత్తులు తేలి ఉంటే లోపల గుడ్లున్నాయి. జతకట్టినప్పుడు ఆడది వెనక భాగం పైకెత్తుతుంది, బయటికొచ్చిన గుడ్లని మగది కాళ్లతో సంచిలోకి తోస్తుంది. ఒక్కోటి 3 మిల్లీమీటర్లుండే గుడ్లు వంద దాటి పడతాయి. సంచి లోపలి చర్మం ఒక్కో గుడ్డు చుట్టూ రక్తనాళాలతో గూడు కడుతుంది, పిండం మొప్పలు పల్చగా పరుచుకుని పిండాన్నే చుట్టేసుకుంటాయి, తల్లి రక్తంలోని ఆక్సిజన్ అలా అందుతుంది. మూడు నాలుగు నెలలయ్యాక తల్లి నీళ్లలోకి దిగి, వెనక కాలి వేలు సంచిలోకి పెట్టి తోకకప్పల్ని బయటికి లాగుతుంది. ఆ వేలు పనిచేసే తీరు వీడియోలో దొరికితే తప్పకుండా చూడండి, ఎంత జాగ్రత్తగా చేస్తుందో.

నోట్స్ ఎలా ఉండాలంటే:

"కడుపుతో ఉన్న తల్లి కప్ప." ఇది పనికిరాదు. గుడ్లు కడుపులో లేవు, పైగా చూసిందీ ఊహించిందీ కలిసిపోయాయి.

"వీపు వెనక సగం ఉబ్బి ఉంది. చర్మం కింద గుండ్రటి ఎత్తులు, ఎడమవైపు ఎక్కువ. సంచి నోరు ఫొటోలో పడలేదు. అంచనా: గుడ్లు మోస్తున్న ఆడది." ఇది నోట్స్.

తేదీ, చోటు కూడా వదలొద్దు. 1972లో పీహెచ్‌డీ పూర్తిచేసి ఈక్వడార్ రాజధాని క్విటో తిరిగొచ్చిన శాస్త్రవేత్త యుహీనియా డెల్ పీనోకి ఈ కప్పలు తను పాఠాలు చెప్పే యూనివర్సిటీ తోటలోనే దొరికాయి. ఆమె జీవితకాల పరిశోధన అక్కడి నుంచే నడిచింది, 2000లో మహిళా శాస్త్రవేత్తలకిచ్చే లోరియల్-యునెస్కో అవార్డు దాకా వెళ్లింది. తర్వాత ఊరు పెరిగింది, నీటి గుంటలు పోయాయి, కప్పల్ని చంపే కైట్రిడ్ ఫంగస్ ఆండీస్‌లో పాకింది. క్విటోలో ఒకప్పుడు మామూలుగా కనిపించిన కప్ప ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో ఉంది. ఏ తోటలో ఏ ఏడు కనిపించిందో అప్పటివాళ్లు రాసిపెట్టబట్టే మనకీ లోటు తెలుస్తోంది. కాబట్టి "ఎక్కడో ఆండీస్‌లో" అని రాస్తే నేను ఒప్పుకోను.

ఈ వారం పని: జనం తాము చూసిన జీవుల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ఈ జాతి పేరుతో వెతికి ఐదు ఫొటోలు తీసుకోండి. పేజీని రెండుగా మడిచి ఎడమవైపు చూసింది, కుడివైపు అంచనా రాయండి. కుడివైపు ఖాళీగా మిగిలినా ఫర్వాలేదు, ఎడమవైపు మాత్రం ఒక్కో ఫొటోకి కనీసం నాలుగు వాక్యాలుండాలి. పాఠం 4లో నీళ్లలోకి దిగిన తోకకప్పల్ని చూద్దాం.