వేరే దేశంలో జనం ఎందుకలా కొంటారు? సంస్కృతి పాత్రను పట్టుకోవడం ఎలా

స్పామ్ అని, డబ్బాలో వచ్చే పంది మాంసం ఒకటుంది. 1937లో అమెరికాలో మొదలైంది. అక్కడ దాన్ని చాలామంది చవక తిండిగానే చూస్తారు, దాని మీద జోకులూ ఎక్కువే. అదే డబ్బాను దక్షిణ కొరియాలో చుసోక్ పండగకి అందమైన పెట్టెలో వరసగా పేర్చి, బంధువులకూ ఆఫీసులో పెద్దవాళ్లకూ ఇస్తారు. కొరియా యుద్ధం రోజుల్లో మాంసం దొరకడమే గగనమైనప్పుడు, అమెరికన్ సైనిక శిబిరాల నుంచి బయటికొచ్చిన సరుకు అది. అప్పుడు అంటుకున్న గౌరవం తర్వాత కూడా పోలేదు.

ఇలాంటివి చూసినప్పుడు "అది వాళ్ల సంస్కృతి" అనేస్తాం. ఆ మాటతో నిజానికి ఏమీ తెలియదు. పరాయి దేశంలో ఏదైనా అమ్మాలనుకునేవాళ్లకీ, ప్రాజెక్టు రాసే విద్యార్థులకీ, ఊరికే ఆసక్తి ఉన్నవాళ్లకీ పనికొచ్చే పద్ధతి ఒకటి ఇక్కడ చెబుతున్నాను.

1. ప్రశ్నను చిన్నది చేయండి

"జపాన్ వాళ్లు ఎలా కొంటారు?" అన్నది ప్రశ్న కాదు. ఏ వస్తువు, ఎవరు, ఏ సందర్భంలో అన్న మూడూ ఒక్క వాక్యంలో రాయండి. "టోక్యోలో ఒంటరిగా ఉండే ఉద్యోగులు ఏడాది చివర బహుమతికి ఏం కొంటారు?" అంటే వెతకడానికి దారి దొరుకుతుంది.

2. సంస్కృతి కానివన్నీ ముందు తీసేయండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. నా లెక్కలో మిగతా అన్నిటికన్నా ముఖ్యం కూడా ఇదే.

వాల్‌మార్ట్ 1997 చివర్లో జర్మనీలో అడుగుపెట్టింది. 2006లో తన 85 దుకాణాలను మెట్రో సంస్థకు అమ్మేసి వెళ్లిపోయింది. దీని గురించి ఎక్కువగా వినిపించే కథ: గుమ్మం దగ్గర నవ్వుతూ పలకరించడం, కొన్న సామాను సంచిలో సర్ది ఇవ్వడం జర్మన్లకు ఎబ్బెట్టుగా అనిపించిందని. వినడానికి బాగుంటుంది, అందుకే అంతలా తిరుగుతోంది. కానీ అక్కడ అప్పటికే ఆల్డీ, లిడ్ల్ అనే చవక దుకాణాలు పాతుకుపోయి ఉన్నాయి. తక్కువ ధర అనే వాల్‌మార్ట్ ఆయుధం వాటి ముందు పనిచేయలేదు. పైగా కొన్ని సరుకుల్ని కొన్న ధర కన్నా తక్కువకి అమ్ముతున్నారని 2000లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ వాల్‌మార్ట్‌తో పాటు ఆ రెండింటినీ తప్పుబట్టి, ధరలు పెంచమంది. నవ్వు సంగతి అబద్ధమని అనను. కానీ పోటీనీ చట్టాన్నీ వదిలేసి మొత్తం నవ్వు మీదికి తోసేస్తే లెక్క తప్పుతుంది.

హోమ్ డిపో కథ కూడా ఇలాంటిదే. ఇంటి మరమ్మతు సామాను అమ్మే ఈ అమెరికన్ సంస్థ 2006లో చైనాకి వెళ్లింది, 2012లో అక్కడ మిగిలిన ఏడు పెద్ద దుకాణాలు మూసేసింది. "చైనా వాళ్లకి స్వయంగా పని చేసుకోవడం ఇష్టం ఉండదు" అన్నారు. పనివాళ్లు తక్కువ కూలికి దొరికే చోట ఎవరైనా సుత్తి ఎందుకు పట్టుకుంటారు? అది ఇష్టమా, లెక్కా?

కాబట్టి ఒక కాగితం తీసుకుని వరసగా రాయండి: ధర, జనం ఆదాయం, చట్టం, పోటీదారులు, ఇంటి సైజు, ఫ్రిజ్ సైజు, వాతావరణం, దుకాణానికి దూరం, డబ్బు కట్టే పద్ధతి. వీటితో వివరించగలిగినదంతా కొట్టేయండి. అప్పటికీ మిగిలినదాన్ని సంస్కృతి ఖాతాలో వేయండి.

3. ఎవరి కోసం కొంటున్నారు, ఎవరు చూస్తుండగా?

1999లో హీజంగ్ కిమ్, హేజెల్ మార్కస్ అనే మనస్తత్వవేత్తలు సరదా అయిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో ప్రయాణికులకి బహుమతిగా అయిదు పెన్నులు చూపించి ఒకటి తీసుకోమన్నారు. వాటిలో ఒక రంగువి ఎక్కువ, ఇంకో రంగువి తక్కువ. యూరప్ మూలాలున్న అమెరికన్లు ఎక్కువగా అరుదైన రంగు తీసుకున్నారు, తూర్పు ఆసియా వాళ్లు ఎక్కువ పెన్నులున్న రంగు తీసుకున్నారు. ఒకరు ప్రత్యేకంగా ఉండాలనుకుంటారు, ఇంకొకరు నలుగురిలో కలిసిపోవాలనుకుంటారు అని తేల్చేయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే 2008లో జపాన్ మనస్తత్వవేత్త తోషియో యమగిషి బృందం అదే పెన్నుల ఆటను కొంచెం మార్చి చూసింది. "మీ తర్వాత ఇంకా కొందరు తీసుకోవాలి, మీరే మొదటివారు" అని చెబితే అమెరికన్లు కూడా ఎక్కువగా ఉన్న రంగే తీసుకున్నారు. "మీరే ఆఖరు" అంటే జపనీయులు కూడా అరుదైన రంగు వైపు వెళ్లారు. ఏమీ చెప్పకుండా వదిలేస్తేనే పాత తేడా కనబడింది. అంటే ఇష్టాలు అంత వేరు కావు. ఎవరైనా చూస్తున్నారో లేదో తెలియనప్పుడు ఎలా నడుచుకోవడం క్షేమం అన్న అంచనాలో తేడా.

దీన్నుంచి మీరు చేయాల్సిన పని ఇది. ఒకే వస్తువుకి మూడు సందర్భాలు రాసుకోండి: ఒంటరిగా వాడుకోవడానికి, నలుగురిలో వాడడానికి, ఎవరికో ఇవ్వడానికి. ప్రతి సందర్భంలోనూ విడిగా అడగండి. జపాన్‌లో వేసవిలో ఒచుగెన్, ఏడాది చివర ఒసెయిబో అని బహుమతులిచ్చే కాలాలున్నాయి. అప్పుడు కొనేది తన రుచి కోసం కాదు, ఒక సంబంధం నిలబెట్టుకోవడం కోసం. ప్యాకింగ్, ఏ దుకాణం నుంచి వచ్చిందన్న విషయం, వస్తువుతో సమానంగా బరువు తూగుతాయి. మామూలు రోజున అదే మనిషి అదే వస్తువుని ఆఫర్లో కొంటాడు.

4. ఆ అలవాటు వయసెంతో కనుక్కోండి

"అనాదిగా వస్తున్నది" అని ఎవరన్నా అంటే వెంటనే ఏ సంవత్సరం నుంచి అని అడగండి. జపాన్‌లో క్రిస్మస్‌కి కేఎఫ్‌సీ చికెన్ తినడం ఇప్పుడు మామూలు విషయం, ముందుగా ఆర్డర్ ఇచ్చుకునేవాళ్లూ ఉన్నారు. క్రైస్తవులు ఒక శాతం దగ్గర్లో ఉన్న దేశంలో ఈ సంప్రదాయం 1974 నాటి ప్రకటనల ప్రచారంతో దేశమంతా పాకింది. అక్కడే నిశ్చితార్థానికి వజ్రపు ఉంగరం ఇవ్వడం కూడా 1960ల చివర్లో డీ బీర్స్ అనే వజ్రాల కంపెనీ ప్రచారం మొదలయ్యాకే ఊపందుకుంది.

ఆ అలవాటు కొత్తది అయినంత మాత్రాన దొంగది కాదు. ఆ చికెన్ తింటూ పెరిగిన పిల్లలకి అది నిజమైన పండగే. అమ్మేవాళ్లకి మాత్రం ఒక సంగతి తెలుస్తుంది: యాభై ఏళ్లలో వచ్చింది ఇంకో యాభై ఏళ్లలో మారగలదు.

5. "మనం, వాళ్లు" అన్న భావం ఎప్పుడు లేస్తుందో గమనించండి

మామూలు రోజుల్లో బిస్కెట్ ప్యాకెట్ మీద ఏ దేశం పేరుందో ఎంతమంది చూస్తారు? అవమానం జరిగిందనిపించినప్పుడు మాత్రం అదే మొదట కంటపడుతుంది. డెన్మార్క్ పత్రికలో మహమ్మద్ ప్రవక్త మీద వచ్చిన కార్టూన్ల గొడవలో 2006లో సౌదీ అరేబియా దుకాణాల నుంచి డెన్మార్క్ పాల ఉత్పత్తులు మాయమయ్యాయి. వాటిని అమ్మే ఆర్లా కంపెనీకి ఆ కార్టూన్లతో సంబంధమే లేదు. 2025లో అమెరికా సుంకాల గొడవ మొదలయ్యాక కెనడా దుకాణాల్లో స్వదేశీ సరుకుకి మేపుల్ ఆకు గుర్తులు పెట్టారు, కొన్ని రాష్ట్రాల్లో అమెరికన్ మద్యాన్ని అరల నుంచి తీసేశారు.

ఇక్కడ రెండు వేరు విషయాలను కలిపేయకండి. "విదేశీ సరుకు కొంటే మన వాళ్ల ఉద్యోగాలు పోతాయి" అనేది ఒకటి. దాన్ని కొలవడానికి 1987లో షింప్, శర్మ 17 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. ఫలానా దేశం మీద కోపం ఇంకొకటి. 1937లో జపాన్ సైన్యం చేసిన మారణకాండను మరవని నాన్‌జింగ్ నగరంలో క్లైన్, ఎటెన్‌సన్, మోరిస్ జరిపిన పరిశోధన 1998లో వచ్చింది. జపాన్ వస్తువుల నాణ్యత మీద మనిషి అభిప్రాయం ఏదైనా, కోపం విడిగా పనిచేస్తుందని తేలింది. బాగుందని ఒప్పుకుంటారు, కొనరు. అలాంటి చోట నాణ్యత గురించి ఎంత ప్రచారం చేసినా డబ్బు దండగ.

6. దేశం సగటును మనిషికి అంటించకండి

ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా తగిలేవి హాఫ్‌స్టెడ్ అంకెలు, అంటే ఒక్కో దేశం సంస్కృతిని అంకెల్లో కొలవడానికి హాఫ్‌స్టెడ్ అనే పరిశోధకుడు ఇచ్చిన మార్కులు. 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగులతో చేసిన సర్వేల నుంచి పుట్టినవి అవి. మొదలుపెట్టడానికి పనికొస్తాయి. అయితే ఒకే కంపెనీ ఉద్యోగులు, అదీ అర్ధ శతాబ్దం కిందటివాళ్లు. స్విట్జర్లాండ్‌లో జర్మన్ మాట్లాడేవాళ్లకీ ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లకీ కలిపి ఒక అంకె ఇస్తే దాంతో ఏం చేస్తాం? వయసు, ఊరు, భాష, చదువు వారీగా విడగొట్టి చూడండి. ఒక్కోసారి రెండు దేశాల నగర యువత మధ్య తేడా, ఒకే దేశంలో తాతకీ మనవడికీ మధ్య ఉన్నదాని కన్నా తక్కువ.

7. సర్వే చేస్తే భాషను పరీక్షించండి

ప్రశ్నలను అనువదించాక, మూలం చూడని ఇంకొకరి చేత తిరిగి మొదటి భాషలోకి చేయించండి. రెండూ సరిపోలకపోతే ప్రశ్నలో తేడా ఉందన్నమాట. అలాగే 1 నుంచి 5 వరకు మార్కులు వేయమంటే కొన్ని చోట్ల జనం మధ్యలోని 3కే మొగ్గుతారు, కొన్ని చోట్ల అంచులకు వెళ్తారు. రెండు దేశాల సగటుల్ని నేరుగా పోల్చేముందు ఇది గుర్తుంచుకోండి.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక. స్పానిష్‌లో "కదలదు" అని అర్థం వచ్చినందుకు షెవ్రోలే నోవా కారు అమ్ముడుపోలేదన్న కథ ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. అది కట్టుకథ, మెక్సికోలో, వెనెజువెలాలో ఆ కారు బాగానే అమ్ముడైంది. నిజంగా ఇబ్బంది వచ్చింది మిత్సుబిషి పజేరోకి. స్పానిష్‌లో అది బూతుమాట కావడంతో ఆ భాష మాట్లాడే దేశాల్లో మాంటెరో అనే పేరుతో అమ్మారు.

8. చిన్నగా అమ్మి చూడండి

జనం చెప్పేదానికీ చేసేదానికీ మధ్య దూరం ఎక్కువ. ఒకే సరుకు, ఒకే ధర, రెండు రకాల ప్యాకింగ్ పెట్టి కొన్ని దుకాణాల్లో అమ్మించండి. మొదలుపెట్టే ముందే, ఏ ఫలితం వస్తే మీ అంచనా తప్పని ఒప్పుకుంటారో రాసి పెట్టుకోండి. లేకపోతే ఏ ఫలితం వచ్చినా "అనుకున్నదే" అనిపిస్తుంది.

కాలాన్ని కూడా చూసుకోండి. చుసోక్ వారాల్లో మాత్రమే లెక్క తీస్తే స్పామ్ డబ్బా అంటే కొరియన్లు పడి చస్తారనిపిస్తుంది. ఆ వారాల్లో కొనేవాళ్లు వేరు, తినేవాళ్లు వేరు. మామూలు నెల లెక్క కూడా పక్కన పెట్టుకుంటేగానీ, ఏ డబ్బా వంటింటికి వెళ్లిందో ఏది బహుమతిగా వెళ్లిందో తేలదు.