అటాచ్‌మెంట్ చేరుతోంది, ఫైల్ మాత్రం తెరుచుకోవడం లేదు

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చువేసే ఒక ప్రెస్‌కు పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాను. ప్రూఫ్ పీడీఎఫ్‌లను కస్టమర్లకు మెయిల్ చేయడం దాని పని. ముహూర్తాల రోజుల్లోనే "ఫైల్ ఓపెన్ కావట్లేదండీ" అని ఫోన్లు మొదలయ్యాయి. ప్రూఫ్ ఒక్కరోజు ఆలస్యమైనా పెళ్లివారికి టెన్షనే.

ఇలాంటప్పుడు వెంటనే కోడ్ మార్చకండి. మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని, వచ్చిన ఫైల్ సైజును అసలు దానితో బైట్లలో పోల్చండి.

సైజు తగ్గిందా? ఫైల్‌ను టెక్స్ట్‌గా చదివారన్నమాట. పీడీఎఫ్‌లో ఉండే బైట్లు చాలావరకు అక్షరాలు కావు, అందుకే పైథాన్ యూనికోడ్ ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను "ఇగ్నోర్" అని దాటవేస్తే చదవలేని బైట్లన్నీ చడీచప్పుడు లేకుండా రాలిపోతాయి. మా స్క్రిప్ట్‌లో జరిగింది ఇదే. ఆ ఎర్రర్ మనకు మేలు చేసేదే, దాని నోరు నొక్కకూడదు. ఫైల్‌ను "ఆర్" (టెక్స్ట్) బదులు "ఆర్‌బీ" (బైట్లు) మోడ్‌లో తెరవండి, చాలు.

సైజు మూడో వంతు పెరిగిందా? వచ్చిన ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లో ఉండాల్సిన "%PDF" గుర్తుకు బదులు "జేవీబీఈఆర్" అన్న ఇంగ్లిష్ అక్షరాలతో మొదలైతే బేస్64 (బైట్లను మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి) రెండుసార్లు జరిగినట్టు. మీరొకసారి చేశారు, లైబ్రరీ ఇంకోసారి చేసింది. పైథాన్ ఈమెయిల్‌మెసేజ్ క్లాస్‌లోని యాడ్ అటాచ్‌మెంట్ ఫంక్షన్‌కు బైట్లను ఉన్నవున్నట్టు ఇవ్వండి, బేస్64 అదే చూసుకుంటుంది.

మెయిల్ దారిలోనే చెడుతోందా, లేదా తిరిగొస్తోందా? ఫైల్ ఏ రూపంలో వెళ్తోందో చెప్పే ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్ హెడర్‌లో "బైనరీ" అని ఉందేమో చూడండి. అలా పంపాలంటే దారిలోని ప్రతి సర్వర్‌కూ బైట్లను నేరుగా అందుకునే బైనరీమైమ్ సౌకర్యం ఉండాలి. మామూలు ఎస్ఎమ్‌టీపీలో వరుసకు, వరుస ముగిసిందని చెప్పే చివరి రెండు గుర్తులతో కలిపి, 1000 బైట్లే హద్దు. బేస్64 వరుసలు 76 అక్షరాలు దాటవు కాబట్టి ఆ బెడద ఉండదు.

హెడర్ సరిగానే ఉండి తిరిగొస్తే బరువు చూడండి. బేస్64లో 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. 20 ఎంబీ ప్రూఫ్ దారిలో దాదాపు 27 ఎంబీ అవుతుంది. 25 ఎంబీ హద్దున్న చోట అది వెళ్లదు. ప్రూఫ్‌కు అచ్చు నాణ్యత అక్కర్లేదు, బొమ్మల రిజల్యూషన్ తగ్గించి పంపండి.

తెలుగు పేరున్న ఫైల్ పిచ్చి అక్షరాలతో చేరితే, పేరును హెడర్‌లో చేత్తో అతికించకుండా, పైన చెప్పిన యాడ్ అటాచ్‌మెంట్ ఫంక్షన్‌కే ఫైల్‌నేమ్‌గా ఇవ్వండి.