గడ్డి మిషన్‌ని రోహిణి కార్తె దాటించడం

మా స్థలం విజయవాడలో కండ్రిక దాటాక ఉంది. డెబ్బై సెంట్లు. మా నాన్న వేసిన కొబ్బరి, సపోటా చెట్ల మధ్య వానలు పడితే చాలు, గడ్డి మోకాలెత్తు లేస్తుంది. మా అమ్మ పొద్దున్నే పూలకి ఆ చెట్లలోకే వెళ్తుంది. ఒక శ్రావణంలో ఆమెకి అడుగు దూరంలో రక్తపింజర కనబడింది. ఇక గడ్డి పెరగనివ్వకూడదనుకుని, ఎవరో అమ్మేస్తుంటే గడ్డి కోసే పాత మిషన్ కొన్నాను. పైన కూర్చుని ట్రాక్టరులా నడిపేది. ఒకే సిలిండర్ పెట్రోల్ ఇంజిను, కింద డెక్కులో, అంటే బోర్లించిన రేకు మూకుడులో, రెండు బ్లేడ్లు.

దాంతోపాటు వచ్చిన పుస్తకంలో చలికాలానికి మిషన్‌ని ఎలా దాచాలో చాలా వివరంగా ఉంది. మంచు కురిసే దేశాలకి అది సరిపోతుంది. మన దగ్గర గడ్డి సంక్రాంతికల్లా ఎండిపోతుంది. అక్కణ్ణుంచి ఐదు నెలలు మిషన్ పడుకునేది బెజవాడ ఎండలో, రేకుల షెడ్డులో. రోళ్లు పగిలే రోహిణి కార్తె గడిచి, మృగశిరలో తొలివాన పడ్డాక తాళం తిప్పితే అది లేవదు. ఇలాంటి మిషన్లున్నవాళ్ల నుంచి నాకు ఫోన్లు కూడా జూన్‌లోనే వస్తాయి. "బాబాయ్, ఇంజిను పోయినట్టుంది" అంటారు. నిజంగా ఇంజిను పోవడం నేను ఒక్కసారే చూశాను, అదీ ఎండ వల్ల కాదు. మిగతావన్నీ పెట్రోలో, బ్యాటరీయో, ఒక చిన్న స్విచ్చో. అందుకే ఫోన్లో ముందు ఒక్కటే అడుగుతాను: తాళం తిప్పితే ఏం చప్పుడొస్తోంది?

అసలు చప్పుడే లేదంటే స్పానర్ పట్టుకోవద్దు. బ్రేకు పెడలు అడుగంటా తొక్కండి, బ్లేడు లివరు ఆఫ్‌లో ఉందో లేదో చూడండి, సీట్లో పూర్తిగా కూర్చోండి. ఈ మూడు చోట్లా స్విచ్చులుంటాయి. ఒక్కటి కలవకపోయినా మిషన్ పలకకపోవచ్చు. తర్వాత ఫ్యూజు చూడండి. అదీ బాగుంటే సీటెత్తి కింది వైర్లు చూడండి, ఎలుకలకి ఆ చోటంటే మహా ఇష్టం. ఆటోనగర్‌లో ఒక కుర్రాడు "సీటు స్విచ్చు తీసేసి వైర్లు కలిపేస్తా బాబాయ్, మళ్లీ బాధుండదు" అన్నాడు. వద్దన్నాను. బ్లేడు తిరుగుతుండగా మనం సీట్లోంచి లేచినా, గట్టు మీద జారి పడినా ఇంజిన్ని ఆపేది ఆ స్విచ్చే. అది లేని మిషన్ని ఇంట్లో పిల్లలుండగా నేను స్టార్ట్ చెయ్యను.

టిక్ టిక్ మని ఆగిపోతే బ్యాటరీ. మీటరు పెట్టి చూడండి. నిండా చార్జి ఉంటే 12.6 వోల్టులు, 12.2 ఉంటే సగమే. మీటరు బాగానే చూపిస్తూ తిప్పినప్పుడు పడిపోతుంటే టెర్మినళ్ల దగ్గర తెల్లగా, పచ్చగా పొడి పట్టిందేమో చూడండి. వేణ్ణీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దితే పోతుంది, ఆ నీళ్లు మాత్రం సెల్లుల్లోకి దిగనివ్వకండి. బ్యాటరీకి చలికన్నా మన ఎండే శత్రువు. వేడికి చార్జి త్వరగా దిగిపోతుంది, మూతలున్న బ్యాటరీ అయితే నీళ్లూ ఆవిరవుతాయి. సంక్రాంతి అయ్యాక నాది విప్పి ఇంట్లో నీడపట్టున పెడతాను. ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్. నెలకోసారి చార్జి పెడతాను. నీళ్లు తగ్గితే ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటరే పోయాలి, తాగే క్యాను నీళ్లు కాదు.

ఇంజిను సగం తిరిగి గోడకి కొట్టుకున్నట్టు ఆగి, మళ్లీ సగం తిరిగితే చాలామంది బ్యాటరీ మారుస్తారు, సెల్ఫ్ మోటారూ మారుస్తారు. నేనూ రెండూ కొన్నాను. అసలు సంగతి వాల్వుల సందు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య ఉండే ఖాళీ. స్టార్టింగ్‌లో సిలిండర్ ఒత్తిడి కాస్త వదిలేయడానికి వాల్వుల్ని ఎత్తే ఇరుసు (కామ్) మీద ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. అది వాల్వుని ఎత్తేది వెంట్రుకవాసే. వాడగా వాడగా సందు పెరిగితే ఆ కాస్తా ఎత్తడం మానేస్తుంది, నిండు ఒత్తిడికి ఎదురుగా మోటారు తిప్పలేదు. వాల్వు కవరు విప్పి, ఫీలర్ గేజీతో (సందు కొలిచే సన్నని రేకులు) పుస్తకంలో రాసిన కొలతకి బిగిస్తే అరగంట పని. మోటారు కొనేముందు ఇది చూడండి.

ఇంజిను హాయిగా తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదంటే, జూన్ నెలలో నూటికి తొంభై పాళ్లు పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ చిన్న ఇంజిన్ల పుస్తకాల్లో ఎక్కువగా 10 శాతం మించొద్దనే ఉంటుంది. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది. మన కృష్ణ ఒడ్డున తేమకి కొదవా! నెల దాటిన పెట్రోల్‌ని గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరలా గీత కనబడితే ఆ ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్యాల్సిందే.

కార్బొరేటర్ కింది గిన్నె విప్పి చూడండి. ఐదు నెలలు పెట్రోల్ నిలవున్న గిన్నెలో ముదురు గోధుమ రంగు జిగురు పేరుకుని ఉంటుంది, తాటిబెల్లం పాకం అడుగంటినట్టు. వాసన పెట్రోల్‌లా ఉండదు, పాత రంగు డబ్బా మూత తీసినట్టుంటుంది. మధ్యలోని జెట్టు, అంటే పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రమున్న ముక్కని, ఊడదీసి వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే సన్నని చుక్కంత వెలుగు గుండ్రంగా కనబడాలి. కనబడకపోతే క్లీనర్ స్ప్రే కొట్టి నానబెట్టి, వైర్లోంచి తీసిన ఒకే ఒక రాగి పోగుతో మెల్లగా పొడవండి. సూది పెట్టారంటే రంధ్రం పెద్దదై ఇంజిను ఎప్పటికీ నల్లపొగే కక్కుతుంది. కొన్నిటికి గిన్నె అడుగున ఒక చిన్న సోలినాయిడ్, అంటే కరెంటుతో పెట్రోల్ దారి తెరిచే పిన్ను, ఉంటుంది. తాళం ఆన్ చెయ్యగానే అది టక్కుమనాలి, అనకపోతే పెట్రోల్ జెట్టు దాకా వెళ్లదు.

ఈ పాట్లేవీ లేకుండా ఉండాలంటే సీజన్ చివరిరోజు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిను దానంతటది ఆగిపోయేదాకా నడపడమే. ట్యాంకు ఖాళీ చేసేది ఆరుబయట, ఇంజిను చల్లారాక, దగ్గర్లో బీడీ కూడా లేకుండా. ఆ పెట్రోల్ మంచిదైతే స్కూటర్లో పోసుకోవచ్చు.

ఇంకో తమాషా జబ్బుంది. మా మేనల్లుడి మిషన్ ఇరవై నిమిషాలు చక్కగా కోసి ఆగిపోయేది, పావుగంట ఆగితే మళ్లీ లేచేది. వాడు కాయిలు మార్చాడు, ప్లగ్గు మార్చాడు. "అల్లుడూ, ఈసారి ఆగగానే ట్యాంకు మూత వదులు చేసి చూడు" అన్నాను. గాలి పీల్చుకున్న చప్పుడొచ్చింది, తాళం తిప్పగానే అందుకుంది. మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో పూడిపోయింది, అంతే.

బ్లేడు దగ్గరకొస్తే తొందర పనికిరాదు. ముందు ప్లగ్గు వైరు పీకి పక్కకి పెట్టండి. చేత్తో బ్లేడు తిప్పితే ఇంజినూ తిరిగి అంటుకునే ప్రమాదం ఉంటుంది. డెక్కుకీ బ్లేడుకీ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి బోల్టు విప్పండి, ఏ వైపు కిందకుందో ముందే సుద్దతో గుర్తు పెట్టుకోండి. తిరగేసి బిగిస్తే గడ్డి తెగదు, నలుగుతుంది. కోసిన రెండోరోజు గడ్డి కొసలు తెల్లబడ్డాయంటే బ్లేడు మొద్దుబారిందని. ఆకురాయితో పాత వాలులోనే, రెండు కొసలకీ సమానంగా రుద్దండి. కూరగాయల కత్తిలా పదును అక్కర్లేదు, మన నేలలో రాళ్లకి అలాంటి అంచు నిలవదు.

రుద్దాక గోడకి మేకు కొట్టి, బ్లేడు నడిమి రంధ్రాన్ని దానికి తగిలించి అడ్డంగా వదలండి. నిలిచిందా, సరే. ఒకవైపు వాలితే ఆ వైపు బరువు, అక్కడ ఇంకాస్త అరగదీయండి. ఇది చెయ్యకపోవడం వల్లే నా మిషన్లో స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బేరింగు పోయింది. అప్పటికి వారంగా స్టీరింగ్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతున్నా పట్టించుకోలేదు. పాత బేరింగు ఆటోనగర్ పట్టుకెళ్తే నంబరు చూసి అప్పటికప్పుడే ఇచ్చారు. బెల్టుకీ అంతే, పాతది చేతిలో ఉంటే దొరుకుతుంది.

మిగతావి అలవాటుగా జరిగిపోవాలి. ఆయిల్ 50 గంటలకి లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. మన వేడికి నేను ఎస్‌ఏఈ 30 గ్రేడు ఆయిల్ పోస్తాను. ఎయిర్ ఫిల్టర్ 25 గంటలకోసారి దులపాలి. ఇంజిను మీది ప్లాస్టిక్ కవరు ఏడాదికోసారి విప్పి ఇంజిన్ని చల్లబరిచే రెక్కల మధ్య ఎండుగడ్డి తీసేయాలి, గాలి ఆడకపోతే ఇంజిను ఉడుకుతుంది. తడిగడ్డి కోయకండి, కోయక తప్పకపోతే ఇంజిను చల్లారాక డెక్కు అడుగు చెక్కతో గీకేయండి.

ఇంజిను పోవడం ఒక్కసారి చూశానన్నాను కదా. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు మా వీధుల్లోకి వచ్చింది, మా షెడ్డులో మిషన్ సీటు దాకా మునిగింది. వెనకవీధి ఆయన మిషనూ మునిగింది. నీళ్లు తీయగానే ఆయన ఆత్రంగా తాళం తిప్పాడు. సిలిండర్లో నీళ్లున్నాయి, నీళ్లు నొక్కితే నొక్కుకోవు, లోపల కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. మునిగిన మిషన్‌కి తాళమే పెట్టకూడదు. నేను బ్యాటరీ వైర్లు తీశాను, మంచినీళ్లతో బురద కడిగాను, ప్లగ్గు విప్పి ఇంజిన్ని చేత్తో తిప్పాను. ప్లగ్గు రంధ్రంలోంచి బుడమేరు నీళ్లు చిమ్మాయి. రెండు చెంచాల ఆయిల్ పోసి మళ్లీ తిప్పాను. ట్యాంకు, కార్బొరేటర్ విప్పి ఆరబెట్టాను, ఫిల్టర్లు కొత్తవి వేశాను. ఇంజిన్లోంచి దింపిన ఆయిల్ పాలెక్కువైన టీలా ఉంది. కొత్తది పోసి, ప్లగ్గు బిగించి పది నిమిషాలు నడిపి దింపితే ఇంకా మసకగానే వచ్చింది. మళ్లీ పోశాను. మూడోసారి దింపింది తేనెరంగులో ఉంది. వైర్ల జాయింట్లన్నీ ఊడదీసి తుడిచి బిగించడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. సీటు స్పాంజి మాత్రం పిండినకొద్దీ బురదే వచ్చింది, అది కొత్తది వేయించాను.