థైరాయిడ్ మాత్ర డోసు కుదుర్చుకోవడం ఎలా?

గుంటూరులో మా వీధిలో ఏ ఇంటికి వెళ్లినా ఫ్రిజ్ మీదో టీవీ పక్కనో, థైరాయిడ్ హార్మోను తక్కువైనవాళ్లు వేసుకునే మాత్రల సీసా ఒకటి కనిపిస్తుంది. వేసుకునేవాళ్లు ఇంతమంది ఉన్నా సరిగ్గా వేసుకునేవాళ్లు మాత్రం తక్కువే. నేను 19 ఏళ్లుగా వేసుకుంటున్నాను. మా అత్తగారికి, తోడికోడలికి, చెల్లెలికి, దాని కూతురికి డోసు కుదిరేదాకా రిపోర్టులు పట్టుకుని వెంట తిరిగింది నేనే. "ఏళ్ల తరబడి వేసుకుంటున్నా, తగ్గట్లేదమ్మా" అని ఎవరన్నా అంటే ముందు వాళ్ల పొద్దుటి పూట ఎలా గడుస్తుందో అడుగుతాను. సగంమంది సంగతి అక్కడే తేలిపోతుంది.

డోసు ఎంతో చెప్పాల్సింది డాక్టరు. ఆ డాక్టరు చేతికి నమ్మదగిన రిపోర్టు వెళ్లేలా చూసుకోవడం మన పని. ఇక్కడ రాస్తున్నదంతా ఆ పని గురించే.

రిపోర్టులో అంకెని తలకిందులుగా చదవాలి

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను అది. గొంతు దగ్గరున్న థైరాయిడ్ సరిగా పని చెయ్యకపోతే పిట్యూటరీ దాన్ని ఇంకా గట్టిగా తరుముతుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అంటే ఈ అంకె పెరిగితే ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గినట్టు. మా తోడికోడలు 9.8 అని చూసి "అమ్మో, థైరాయిడ్ ఎక్కువైపోయింది" అనుకుని, ఎవరినీ అడక్కుండా మాత్రని చాకుతో సగం కోసి నెల రోజులు వేసుకుంది. ముఖం ఉబ్బి, మే నెలలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. తర్వాత పరీక్షలో 20 దాటింది.

మామూలుగా 0.4 నుంచి 4 దాకా సరైన లెక్క, ల్యాబుని బట్టి కొద్దిగా అటూ ఇటూ. 5, 6 వచ్చి, టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను) బాగానే ఉంటే అప్పుడే మాత్ర మొదలుపెట్టాలని లేదు. రెండు మూడు నెలలాగి మళ్లీ చూస్తారు. చాలామందికి దానంతట అదే దిగుతుంది. 10 దాటితే సాధారణంగా మాత్ర తప్పదు. వయసు మళ్లినవాళ్లకు అంకె కాస్త ఎక్కువుండటం మామూలే. పిట్యూటరీకే జబ్బున్నవాళ్లకు మాత్రం టీఎస్‌హెచ్ చూసి ఏమీ చెప్పలేం, వాళ్లకు ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే టీ4 చూస్తారు.

కావలసినవి

మాత్రల సీసా, గ్లాసు మంచినీళ్లు, ఒక నోటుబుక్కు, అలారం. అంతే. సీసాని వంటింట్లో పొయ్యి దగ్గర పెట్టకండి, స్కూటర్ డిక్కీలో అసలే వద్దు. ఎండాకాలం మన ఊళ్లో 45 డిగ్రీలు చూస్తాం, ఈ మందు వేడికి, తేమకి, వెలుతురుకి పాడవుతుంది. పడకగదిలో చెక్క బీరువా మంచిది. మెడికల్ షాపులో సీసా తీసుకోగానే దాని మీద అంకె చదవండి. 25, 50, 75, 88, 100, ఇవన్నీ మైక్రోగ్రాములు. థైరోనార్మ్ కానీ ఎల్‌ట్రాక్సిన్ కానీ లోపలున్నది లీవోథైరాక్సినే, అంటే మందు రూపంలో ఉన్న టీ4. కానీ ఒకటి మొదలుపెట్టాక అదే కంపెనీది వాడాలి. మార్చక తప్పకపోతే ఆరు వారాలకి పరీక్ష చేయించుకోవాలి.

వేసుకోవడం

పొద్దున్నే 5 గంటలకి, పరగడుపున, నిండు గ్లాసు నీళ్లతో. తర్వాత గంటసేపు కాఫీ లేదు, టీ లేదు, పాలు లేవు. అరగంట చాలని చీటీల మీద రాస్తారు. నేను గంటే అంటాను, ఎందుకంటే మన ఇళ్లలో అరగంటంటే పాల ప్యాకెట్ కత్తిరించి డికాక్షన్ దిగేలోపే అయిపోయిందనుకుంటారు. కాఫీ ఈ మందుని పేగుల్లోంచి ఒంటికి సరిగా పట్టనివ్వదు.

విజయవాడ పటమటలో ఉంటుంది మా చెల్లెలు, రాత్రి పడుకునేముందు వేసుకుంటానని పట్టుబట్టింది. డాక్టర్లు ఒప్పుకునే పద్ధతే అది, తిన్నాక మూడు గంటలు గడవాలన్నది షరతు. ఆ ఇంట్లో భోజనాలు అయ్యేసరికి పదిన్నర. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి లేచి ఎవరు వేసుకుంటారు? నాలుగు నెలలు డోసు ఎక్కీ దిగీ, చివరికి పొద్దుటికే మార్చింది. ఎనిమిదింటికి తినే ఇల్లయితే రాత్రి వేసుకోండి. మిగతావాళ్లకు తెల్లవారుజామే.

మరిచిపోతే అదేరోజు తిన్నాక రెండు మూడు గంటలాగి వేసుకోండి. ఏకాదశైనా శివరాత్రైనా, ఉపవాసం రోజున కూడా నీళ్లతో మాత్ర వేసుకోవాల్సిందే.

అసలు కష్టం: ఒక్కటి మార్చి ఆరు వారాలు ఆగడం

అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

ఇవాళ వేసుకున్న మందులో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 7 రోజులు పడుతుంది. అందుకే డోసు మార్చాక కొత్త మట్టం స్థిరపడటానికి అయిదారు వారాలు కావాలి. పిట్యూటరీ ఆ మార్పుని గుర్తించి టీఎస్‌హెచ్ తగ్గించుకోవడానికి కూడా టైమ్ పడుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర గేటెత్తిన పూటే కాలువ చివర పొలం తడవదు కదా. చివరి రైతు మూడోరోజు పొలం చూసి నీళ్లు చాలట్లేదు, ఇంకో గేటెత్తమంటే, పదోరోజుకి మడి మునుగుతుంది.

నాకు జరిగింది అదే. రెండో కాన్పు అయిన ఏడాదికి టీఎస్‌హెచ్ 18 ఉందని 50 మొదలుపెట్టారు. నీరసం తగ్గట్లేదని కంగారుపడి మూడో వారంలోనే పరీక్ష చేయించాను. 11 వచ్చింది. అంటే మందు పని చేస్తోంది, అంకె దిగుతోంది. అప్పట్లో నేను చూపించుకున్న డాక్టరు ఇంకా ఎక్కువుందని ఏకంగా 100 రాశారు. రెండు నెలలకి ఒకరోజు రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, జాకెట్టు చెమటతో తడిసిపోయింది, చెవి దిండుకి ఆనిస్తే గుండె చప్పుడు లోపల్నుంచి తలుపు కొడుతున్నట్టు వినిపించింది. చేతులు చాపితే వేళ్లు వణుకుతున్నాయి. పరీక్షలో 0.05. ఆ భయంతో 25కి దించారు, మళ్లీ 15కి ఎక్కింది. ఇలా ఊగిసలాడి 75 దగ్గర కుదిరేసరికి ఏడాది పట్టింది. మొదటిసారే ఆరు వారాలు ఆగి, 50 నుంచి 75కి వెళ్లి ఉంటే మూడు నెలల్లో అయ్యేది.

కాబట్టి నియమం ఇది. డోసు మారిన తేదీని నోటుబుక్కులో రాసుకోండి. దానికి ఆరు వారాలు కలిపి, పరీక్ష తేదీని కూడా పక్కనే రాసుకోండి. ఎనిమిది వారాలైనా ఫరవాలేదు, ముందు మాత్రం వద్దు. ఈలోపు మాత్ర వేసుకునే టైమ్, కంపెనీ, మిగతా మందులు, ఏవీ మార్చకండి. రెండు మారిస్తే అంకె దేనివల్ల కదిలిందో డాక్టరుకి కూడా తెలియదు. మార్పు కూడా మామూలుగా 12.5 గానీ 25 గానీ ఉంటుంది. ఒక్కసారిగా రెట్టింపు రాస్తే "కొద్దికొద్దిగా పెంచకూడదా డాక్టరుగారూ" అని అడగడంలో తప్పేం లేదు. గ్రంథి పూర్తిగా ఆగిపోయినవాళ్లకు కిలో బరువుకి దాదాపు 1.6 మైక్రోగ్రాములు పడుతుంది, అంటే 60 కిలోల మనిషికి 100 దరిదాపు. గ్రంథి కొంత పని చేస్తున్నవాళ్లకు అంత అక్కర్లేదు. పెద్దవాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు 12.5 తోనో 25 తోనో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. పక్కింటావిడకి 100 కుదిరిందంటే అది ఆవిడ డోసు.

ఆరు వారాల్లోపు నీరసం ఉంటుంది, ఉండనివ్వండి. జుట్టు రాలడం తగ్గడానికి నెలలు పడుతుంది. గుండె దడ, చేతుల వణుకు, ఛాతీ నొప్పి వస్తే మాత్రం వారాలు లెక్కపెట్టకండి, అప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకో తప్పు డోసు పెంచడానికి ముందే పట్టుకోవాలి. మా అత్తగారికి 74 ఏళ్లు. మా మరిది తల్లి మీద ప్రేమతో పొద్దున్నే చిన్న స్టీలు పళ్లెంలో అన్ని మాత్రలూ సర్ది పెట్టేవాడు. చిన్న తెల్ల థైరాయిడ్ మాత్ర, బీపీది, గ్యాస్‌ది, బొటనవేలంత కాల్షియం బిళ్ళ. ఆవిడ నాలుగూ అరచేతిలో వేసుకుని ఒక్క గుక్క కాఫీతో మింగేసేవారు. 75 వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ 16. డాక్టరు 100 రాయబోతుంటే నేను పళ్లెం సంగతి చెప్పాను. డోసు అలాగే ఉంచి, థైరాయిడ్ మాత్ర ఒక్కటే తెల్లవారుజామున నీళ్లతో ఇచ్చి, కాల్షియంని మధ్యాహ్నం అన్నం తిన్నాకకి మార్చాం. ఆరు వారాలకి 3.9.

అప్పుడు 100 చేసి, ఆ తర్వాత ఎవరో కాల్షియం పక్కకి జరిపి ఉంటే ఆ 100 మొత్తం ఒంటికి పట్టేది. ఆ వయసులో మందు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అందుకే ముందు వేసుకునే తీరు సరిచెయ్యాలి, తర్వాతే డోసు. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం కచ్చితంగా ఉండాలి. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి చెప్పి తీరాలి, వాటివల్ల కూడా థైరాయిడ్ మందు తక్కువ పడుతుంది.

పరీక్ష రోజు

ఎప్పుడూ ఒకే ల్యాబు, ఒకే వేళ. నేను ఏడున్నరకి బ్రాడీపేటలో ల్యాబు తెరిచే సరికి ఉంటాను. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం ఇచ్చి రెండు అంకెలూ పోల్చుకుంటే అర్థం లేదు. ఆ రోజు మాత్ర పర్సులో పెట్టుకెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపాలి. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది, ఆ రిపోర్టు చూసి డోసు తగ్గించేస్తారు.

తిండి గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని హాయిగా తినండి. అయోడిన్ ఉప్పు మామూలుగా వాడండి, అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు గుళికలు కొనకండి. మన దగ్గర ఎక్కువమందికి ఈ జబ్బు ఒంట్లోని రక్షణ వ్యవస్థ థైరాయిడ్ మీదే దాడి చెయ్యడం వల్ల వస్తుంది, అయోడిన్ పోస్తే అది తగ్గదు, ఒక్కోసారి ముదురుతుంది.

కుదిరాక

ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి పరీక్ష చాలు. బాగానే ఉంది కదా అని మాత్ర ఆపకండి. బాగుండటానికి కారణం ఆ మాత్రే. బరువు బాగా మారినా, కొత్తగా వేరే మందు మొదలైనా ఆరు వారాలకి ఇంకో పరీక్ష.

ఆరు వారాలు ఆగమన్న మాట ఒక్కచోట చెల్లదు, గర్భం వచ్చినప్పుడు. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం, డోసు సాధారణంగా పాతిక, ముప్ఫై శాతం పెరగాలి. మా చెల్లెలి కూతురు ఇంట్లో పరీక్ష చేసుకుని రెండు గీతలు రాగానే పొద్దున్న ఆరింటికి నాకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, వచ్చేవారం డాక్టరు అపాయింట్‌మెంట్ ఉంది, అప్పుడు అడగనా?" అంది. ఇవాళే వెళ్లమన్నాను. పదింటికల్లా సూర్యారావుపేటలో డాక్టరు ముందు కూర్చుంది. రోజూ వేసుకునే మాత్రకి వారంలో రెండు అదనంగా రాశారు, నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూశారు. కాన్పు అయిన మర్నాటి నుంచి పాత డోసు, ఆరు వారాలకి పరీక్ష.