లినక్స్ డ్రైవర్ నుంచి యూజర్ ప్రోగ్రామ్‌కు డేటా పంపడం: రీడ్ ఫంక్షన్ ఎలా రాయాలి

పంపాల్సింది ఉష్ణోగ్రతో కౌంటరో, ఒక్క విలువే అయితే సిస్‌ఎఫ్‌ఎస్ (sys డైరెక్టరీలో కెర్నల్ చూపించే ఫైళ్లు) ఫైలు చాలు. బైట్ల వరుసైతే క్యారెక్టర్ డివైస్, అంటే ఫైలులా తెరిచి బైట్లు చదివే పరికరం, కావాలి. మేజర్ నంబర్ల (డ్రైవర్‌ను గుర్తించే అంకెల) తలనొప్పి లేకుండా మిస్క్_రిజిస్టర్ వాడితే, డెవ్ డైరెక్టరీలో ఫైలు దానంతటదే వస్తుంది.

అసలు పనంతా రీడ్ ఫంక్షన్‌లోనే, అంటే ప్రోగ్రామ్ ఆ ఫైలును చదివినప్పుడు కెర్నల్ పిలిచే ఫంక్షన్‌లోనే. యూజర్ ఇచ్చిన పాయింటర్‌లోకి మెమ్‌కాపీతో నేరుగా రాయకండి. ఆ అడ్రస్ చెల్లకపోవచ్చు, ఎవరైనా కావాలనే కెర్నల్ అడ్రస్ ఇవ్వచ్చు. ఎస్‌మ్యాప్ (కెర్నల్ యూజర్ మెమరీని నేరుగా తాకకుండా అడ్డుకునే రక్షణ) ఉన్న ఎక్స్86 ప్రాసెసర్లలో అడ్రస్ సరైనదైనా ఊప్స్, అంటే కెర్నల్ ఎర్రర్, తప్పదు.

కాపీ_టు_యూజర్ వాడండి. కొత్తవాళ్లు బోల్తా పడేది దాని రిటర్న్ విలువ దగ్గర. అది కాపీ అయిన బైట్ల లెక్క కాదు, కాపీ కాకుండా మిగిలినవాటి లెక్క. 0 వస్తే అంతా వెళ్లినట్టే. వేరే అంకె వస్తే దాన్నే తిరిగి పంపొద్దు, ఆ అంకె మేరకు బైట్లు అందాయని ప్రోగ్రామ్ నమ్మేస్తుంది. మైనస్ ఈఫాల్ట్ (తప్పు అడ్రస్ అని చెప్పే ఎర్రర్ కోడ్), అంటే -14, పంపాలి.

వరుస ఇదీ:

1. ఆఫ్‌సెట్ (ఇప్పటిదాకా చదివిన చోటు) డేటా చివరికి చేరితే 0 రిటర్న్ చేయండి.
2. అడిగింది మిగిలినదానికంటే ఎక్కువైతే కౌంట్ (కాపీ చేయాల్సిన బైట్ల సంఖ్య) ఆ మేరకు తగ్గించండి.
3. కాపీ చేయండి.
4. ఆఫ్‌సెట్‌ను కౌంట్ మేరకు జరిపి, కౌంట్‌నే రిటర్న్ చేయండి.

ఆఫ్‌సెట్ జరపడం మరిచారా, క్యాట్ కమాండ్ కంట్రోల్-సీ కొట్టేదాకా అదే డేటాను గుమ్మరిస్తుంది. నిజానికి ఈ నాలుగూ సింపుల్_రీడ్_ఫ్రమ్_బఫర్ ఒక్కటే చేసిపెడుతుంది. మామూలు బఫర్‌కు చేత్తో రాసే అవసరమే లేదు.

కాపీ మధ్యలో పేజీ ఫాల్ట్ వచ్చి (కావాల్సిన పేజీ మెమరీలో లేక) ప్రాసెస్ నిద్రపోవచ్చు. కాబట్టి స్పిన్‌లాక్ (పట్టుకుని ఉండగా నిద్రపోకూడని లాక్) పట్టుకుని కాపీ చేయకూడదు, మ్యూటెక్స్ (నిద్రపోవచ్చనే లాక్) అయితే ఫర్వాలేదు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పరికరం సంకేతం పంపినప్పుడు నడిచే కోడ్) మార్చే డేటా అయితే, స్పిన్‌లాక్‌లో ఉండగా దాన్ని కెర్నల్‌లోనే వేరే బఫర్‌లోకి తీసుకుని, లాక్ వదిలాక యూజర్‌కు పంపండి.

ఐఆక్టల్‌తో (డ్రైవర్‌కు నంబరుతో ప్రత్యేక ఆదేశాలిచ్చే కాల్) స్ట్రక్చర్ పంపేటప్పుడు చిక్కు వేరు. 32 బిట్ల ఫీల్డ్ పక్కన 64 బిట్లది పెడితే, 64 బిట్ కెర్నల్‌లో మధ్యలో 4 బైట్ల ఖాళీ వచ్చి సైజు 16 అవుతుంది. 32 బిట్ ఎక్స్86 ప్రోగ్రామ్‌కు అదే 12. ఐఆక్టల్ నంబర్‌లో సైజు కూడా కలిసి ఉంటుంది కనుక రెండు నంబర్లూ కలవవు. పైగా ఆ ఖాళీలో కెర్నల్ స్టాక్‌లోని పాత డేటా బయటికి జారిపోతుంది. ఖాళీ చోట రిజర్వ్‌డ్ ఫీల్డ్ పెట్టి, స్ట్రక్చర్ మొత్తాన్ని ముందే మెమ్‌సెట్‌తో సున్నా చేయండి.

యూజర్ నుంచి వచ్చే పొడవు ఫీల్డ్‌ను ఒక్కసారే కాపీ_ఫ్రమ్_యూజర్‌తో తెచ్చుకుని, సరిచూసేదీ వాడేదీ ఆ కాపీనే. రెండోసారి చదివితే, ఈలోగా ఇంకో థ్రెడ్ దాన్ని మార్చేసి ఉండొచ్చు.