కనురెప్పల ఆపరేషన్ తర్వాత చల్లని కాపడం ఎలా పెట్టాలి?

కనురెప్పల ఆపరేషన్ తర్వాత మొదటి 48 గంటల్లో చల్లని కాపడం ఎంత శ్రద్ధగా పెడితే వాపు, కమిలిన నలుపు అంతగా అదుపులో ఉంటాయి. అయితే ఐసు ముక్కను నేరుగా రెప్పకు ఆనించకూడదు. శుభ్రమైన పలుచని గుడ్డను ఐసు నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, కుట్ల మీద బరువు పడకుండా పరిచి, మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి 10 నుంచి 15 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. కుట్లు తడపవద్దని డాక్టరు చెప్పి ఉంటే ఆ మాటే పాటించాలి.

వాపు సాధారణంగా రెండో మూడో రోజున ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది, పైగా రెండు కళ్లకూ సమానంగా ఉండదు కాబట్టి, అస్తమానం అద్దం చూసుకుని బెంగపడటం వల్ల ప్రయోజనం లేదు. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. కింద పడిన వస్తువును నడుము వంచి కాకుండా మోకాళ్లు వంచి తీసుకోవాలి. ఆయింట్‌మెంట్ రాస్తే కాసేపు చూపు మసకబారుతుంది కనుక దానిని నిద్రకు ముందు రాసుకోవడం మేలు.

నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటివి సొంతంగా వేసుకోకూడదు, ఎందుకంటే అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. అలాగని గుండె జబ్బుకు వాడుతున్న రక్తం పలుచబరిచే మందును డాక్టరును అడగకుండా ఆపనూ కూడదు. ఒక కంట్లో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి మొదలైనా, కన్ను ముందుకు ఉబికినా, చూపు తగ్గినా, తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.