పాత కారులో పాట బాగా వినిపించాలంటే

పాత కారులో పాటలు పీలగా వస్తున్నాయని చాలామంది ముందు స్టీరియో మార్చేస్తారు. నేనూ అదే చేసి డబ్బు తగలేసుకున్నాను. ముందు మార్చాల్సింది ఫ్రంట్ డోర్ల స్పీకర్లు. పదిహేనేళ్ల నాటి కాగితం కోన్, అంటే స్పీకర్‌లో కదిలి శబ్దం చేసే గరాటు లాంటి భాగం, ఎండకీ తేమకీ పెళుసుబారిపోతుంది. చుట్టూ ఫోమ్ ఉంటే అదీ వేలు తగలగానే పొడిలా రాలుతుంది.

డబ్బా మీద 250 వాట్లు, 300 వాట్లు అని చూసి మురిసిపోకండి, అది పీక్ లెక్క, అంటే ఒక్క క్షణం మాత్రం తట్టుకునే గరిష్ఠం. మామూలు స్టీరియో ఒక్కో స్పీకర్‌కి నిలకడగా ఇచ్చేది 15–20 వాట్లే. విడిగా ఆంప్లిఫయర్ పెట్టకపోతే 4 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు), సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందనే లెక్క) 90 డెసిబెల్స్ దాటిన స్పీకర్లు తీసుకోండి. డోర్‌లో స్పీకర్ కూర్చునే రంధ్రం వెడల్పుతో పాటు లోతు కూడా కొలవండి, అదీ అద్దం పూర్తిగా కిందికి దించి. లేదంటే అద్దం దిగినప్పుడల్లా మాగ్నెట్‌కి తగులుతుంది.

ఎలాగూ డోర్ విప్పారు కాబట్టి స్పీకర్ వెనకాల రేకుకి బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్ (రేకు అదురు తగ్గించే జిగురు రబ్బరు షీట్) అతికించండి. తట్టి చూస్తే అప్పటిదాకా 'టంగ్'మన్న రేకు 'డబ్'మంటుంది. అడుగున నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూయొద్దు, తుప్పు పడుతుంది.

బిగించాక బేస్ మాయమైందా? చాలావరకు ఒకవైపు ప్లస్, మైనస్ తారుమారై ఉంటాయి. స్పీకర్ వైర్లు విప్పి, స్పీకర్ రెండు కొనలకి పెన్సిల్ సెల్ ఒక్క క్షణం ఆనించండి. ప్లస్‌కి ప్లస్ తగిలితే కోన్ బయటికి కదులుతుంది.